టెలిస్కోప్ ఫోకసర్ ఇబ్బందులు: ఆస్ట్రోఫొటోగ్రఫీ కొత్తగా మొదలుపెట్టినవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోకసర్ అంటే ఐపీస్‌ను (కన్ను పెట్టి చూసే కటకాన్ని) గానీ కెమెరాను గానీ ముందుకూ వెనక్కూ జరిపి ఫోకస్ కుదిర్చే భాగం. దాని మీద వచ్చే ఫిర్యాదులన్నీ దాదాపు మూడు రకాలే. ఒకటి, ఫోకస్ అందదు. రెండు, అందినా నిలవదు. మూడు, నాబ్ సరిగా తిరగదు. మీ ఇబ్బంది ఏ రకమో తేల్చుకోకుండా స్క్రూలు విప్పకండి. ఫోకస్ అందని టెలిస్కోప్‌కు స్క్రూలు ఎంత బిగించినా ఉపయోగం లేదు. జారిపోయే ఫోకసర్‌కు కొత్త అడాప్టర్ కొన్నా అంతే.

కంటితో చూస్తే చంద్రుడు స్పష్టంగా ఉన్నాడు. ఐపీస్ తీసి కెమెరా పెడితే ఎంత తిప్పినా మసకగానే ఉంటున్నాడు. ఎందుకు?

టెలిస్కోప్ బొమ్మను ఒక నిర్దిష్టమైన చోట ఏర్పరుస్తుంది. ఐపీస్ ఆ చోటికి తేలిగ్గా చేరుతుంది. కెమెరా సెన్సర్ మాత్రం బాడీలో లోపలికి ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ మౌంట్‌లో లెన్స్ బిగించే అంచు నుంచి సెన్సర్‌కు 44 మి.మీ., నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5 మి.మీ. దూరం. టీ-రింగ్ (కెమెరాను టెలిస్కోప్‌కు తగిలించే అడాప్టర్) కలిపితే ఏ డీఎస్‌ఎల్‌ఆర్‌కైనా ఆ దూరం 55 మి.మీ. అవుతుంది.

కాబట్టి ముందు తెలుసుకోవలసింది మీ టెలిస్కోప్ ఆ 55 మి.మీ. ఇవ్వగలదా లేదా అన్నది. దానికి ఒక తెల్ల కాగితం, స్కేలు చాలు. టెలిస్కోప్‌ను చంద్రుడి వైపు తిప్పండి. ఐపీస్, డయాగొనల్ (కాంతిని పక్కకు మళ్లించే అద్దమున్న భాగం) తీసేసి డ్రాట్యూబ్‌ను (నాబ్ తిప్పితే లోపలికీ బయటికీ జరిగే గొట్టాన్ని) పూర్తిగా లోపలికి నెట్టండి. ఫోకసర్ మూతి వెనక కాగితం పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట చంద్రుడు అంచులు తేరి చిన్న బిళ్లలా కనిపిస్తాడు (750 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కు బిళ్ల వెడల్పు సుమారు 7 మి.మీ.). మూతి నుంచి కాగితం దాకా కొలవండి. మీ దగ్గరున్న గరిష్ఠ దూరం అదే. డ్రాట్యూబ్‌ను బయటికి లాగేకొద్దీ అది తగ్గుతుందే తప్ప పెరగదు.

ఆ కొలత 55 కంటే తక్కువైతే సెన్సర్ ఇంకా లోపలికి వెళ్లాలి. న్యూటోనియన్లలో (అద్దంతో కాంతిని పోగుచేసే టెలిస్కోపుల్లో) ఎక్కువగా ఇదే జరుగుతుంది. 55 కంటే చాలా ఎక్కువైతే సెన్సర్ ఇంకా బయటికి రావాలి. రిఫ్రాక్టర్లలో (ముందున్న లెన్స్‌తో కాంతిని పోగుచేసే టెలిస్కోపుల్లో) సాధారణంగా కనిపించేది ఇది.

ఈ పరీక్షను సూర్యుడితో ఎప్పుడూ చేయకండి. కాగితం కాలుతుంది, పొరపాటున కన్ను పెడితే చూపే పోతుంది.

నాది న్యూటోనియన్. కాగితం పరీక్షలో 40 మి.మీ. మాత్రమే వచ్చింది. ఏం చేయాలి?

మీకు 15 మి.మీ. తక్కువ పడింది. ఖర్చు లేని మార్గాలతో మొదలుపెట్టండి.

ఫోకసర్ మూతికి ఐపీస్ కోసం బిగించిన ఎక్స్‌టెన్షన్ గొట్టం ఏదైనా ఉందేమో చూసి తీసేయండి. చాలా ఫోకసర్లలో ఐపీస్ హోల్డర్‌ను మర తిప్పినట్టు తిప్పి ఊడదీస్తే కింద ఎం42 లేదా ఎం48 (42 లేదా 48 మి.మీ. వ్యాసం) మర బయటపడుతుంది. టీ-రింగ్‌ను నేరుగా దానికే బిగిస్తే, హోల్డర్ తినేసే దూరం మొత్తం తిరిగొస్తుంది. ఒక్కోసారి సమస్య అక్కడితోనే తీరిపోతుంది.

చంద్రుడు, గ్రహాలే మీ లక్ష్యమైతే బార్లో లెన్స్ (బొమ్మను పెద్దది చేసే అదనపు కటకం) చాలు. అది ఫోకస్‌ను బయటికి తోస్తుంది. కానీ 2 రెట్ల బార్లో పెడితే ఎఫ్/5 టెలిస్కోప్ (ఫోకల్ లెంగ్త్ వ్యాసానికి ఐదు రెట్లున్నది) ఎఫ్/10 అవుతుంది. నెబ్యులాలకు ఎక్స్‌పోజర్ నాలుగు రెట్లు కావాలి, కాబట్టి అక్కడ ఇది పరిష్కారం కాదు.

ఇవి కుదరకపోతే పొట్టి ఫోకసర్ అమర్చుకోవడం, లేదా ప్రధాన అద్దాన్ని ట్యూబ్‌లో పైకి జరపడం. అద్దం జరపడానికి పొడవైన కొలిమేషన్ (అద్దం వాలు సరిచేసే) బోల్టులు, గట్టి స్ప్రింగులు కావాలి. అద్దాన్ని 20 మి.మీ. పైకి జరిపితే ఎఫ్/5లో ట్యూబ్ పైభాగంలోని చిన్న అద్దం (సెకండరీ) దగ్గర కాంతి శంకువు 4 మి.మీ. వెడల్పవుతుంది. మీ సెకండరీ అద్దానికి ఆ మేరకు వెసులుబాటు లేకపోతే అంచు కాంతి బయటికి పోతుంది, ఫొటో మూలలు చీకటిపడతాయి.

మిర్రర్‌లెస్ కెమెరాతో ఈ బాధ ఉండదని చాలామంది కొనేస్తారు. నిజమే, సోనీ ఈ మౌంట్‌లో సెన్సర్ 18 మి.మీ. లోతులోనే ఉంటుంది. కానీ మార్కెట్లో దొరికే టీ-రింగులు చాలావరకు మొత్తాన్ని మళ్లీ 55కే తెచ్చేలా పొడవుగా చేసినవి. అలాంటిది తగిలిస్తే మొదటికే వస్తారు. ‘పొట్టిది’ అని స్పష్టంగా చూసి, మందం ఎన్ని మి.మీ. అని అడిగి తీసుకోండి. ప్రత్యేక ఆస్ట్రో కెమెరాలలో ఈ దూరం సాధారణంగా 6.5, 12.5 లేదా 17.5 మి.మీ. ఉంటుంది.

రిఫ్రాక్టర్‌లో డ్రాట్యూబ్ చివరిదాకా లాగినా ఫోకస్ రావట్లేదు. ఫోకసర్ పాడైందా?

పాడవలేదు. కంటితో చూసేటప్పుడు మధ్యలో ఉండే డయాగొనల్, సైజును బట్టి సుమారు 65 నుంచి 115 మి.మీ. కాంతి దారిని వాడుకుంటుంది. కెమెరా కోసం దాన్ని తీసేశారు, ఆ ఖాళీని ఏదో ఒకటి పూరించాలి.

లెక్క తేలికే. కాగితం పరీక్షలో 160 మి.మీ. వచ్చిందనుకుందాం. కెమెరాకు 55 పోతే 105 మిగిలింది. డ్రాట్యూబ్ ప్రయాణం 80 మి.మీ. మాత్రమే అయితే కనీసం 25 మి.మీ. గొట్టం కావాలి. అయితే సరిగ్గా 25 కొనకండి, 60 కొనండి. అప్పుడు డ్రాట్యూబ్ 45 మి.మీ. దగ్గర, అంటే ఇంచుమించు సగం ప్రయాణంలో నిలుస్తుంది. చివరిదాకా సాగిన డ్రాట్యూబ్ కెమెరా బరువుకు తల వాలుస్తుంది. ఆ వంపు ఫొటోలో కనిపిస్తుంది.

టెలిస్కోప్ పైకి తిప్పగానే కెమెరా బరువుకు డ్రాట్యూబ్ దానంతటదే జారుతోంది.

ఇది క్రేఫర్డ్ రకం ఫోకసర్ల లక్షణం. ఇంగ్లండ్‌లోని క్రేఫర్డ్ ఖగోళ సంఘానికి చెందిన జాన్ వాల్ రూపొందించిన ఈ అమరికలో పళ్లు ఉండవు. డ్రాట్యూబ్ ఒకవైపు నాలుగు చిన్న బేరింగుల మీద ఆనుకుని ఉంటుంది, రెండోవైపు చదునైన పట్టీని ఒక స్టీలు షాఫ్టు నొక్కి పట్టుకుంటుంది. నాబ్ తిప్పితే షాఫ్టు రాపిడితోనే గొట్టం కదులుతుంది. అందుకే పళ్ల మధ్య ఉండే ఆట (వదులు) ఇందులో ఉండదు. పట్టు చాలకపోతే మాత్రం జారుతుంది.

పని మొదలుపెట్టే ముందు కెమెరా తీసేయండి. షాఫ్టు ఉన్న భాగానికి రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి షాఫ్టు ఒత్తిడిని మార్చే టెన్షన్ స్క్రూ, రెండోది డ్రాట్యూబ్‌ను ఆపేసే లాక్ స్క్రూ. చాలా వాటిలో టెన్షన్ స్క్రూ తల లేకుండా లోపలికి ఉంటుంది, 1.5 నుంచి 2.5 మి.మీ. అలెన్ కీ పడుతుంది. ఈ రెంటినీ తారుమారు చేసి లాక్ స్క్రూనే బిగించుకుంటూ పోవడం కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు.

మొదట శుభ్రం చేయండి. డ్రాట్యూబ్ బయటికి లాగి పట్టీనీ, కనిపించినంత మేర షాఫ్టునూ నూలు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. అక్కడ గ్రీజు గానీ నూనె గానీ ఉండకూడదు. రాపిడి మీద నడిచే యంత్రానికి నూనె పూస్తే బ్రేకుకు నూనె పూసినట్టే. ఆరాక టెన్షన్ స్క్రూను ఒక చుట్టులో ఎనిమిదో వంతు బిగించి, కెమెరా, కరెక్టర్ (ఫొటో మూలల్లోని నక్షత్రాలను సరిచేసే లెన్స్), ఫిల్టర్ అన్నీ తగిలించి, లాక్ వదిలేసి, కింద చేయి పట్టి పరీక్షించండి. జారితే ఇంకో ఎనిమిదో వంతు. నాబ్ తిరిగినా గొట్టం లేవకపోయినా ఇంకో ఎనిమిదో వంతు.

కీలెరిగి వాత పెట్టమన్నట్టు, ఇక్కడ బలం కంటే కొలత ముఖ్యం. అతిగా బిగిస్తే షాఫ్టు అల్యూమినియం పట్టీలో గాడి చేస్తుంది. ఆ గాడి దగ్గరికొచ్చినప్పుడల్లా ఫోకస్ ఎగిరిపడుతుంది, దానికిక మందు లేదు. మూడు నాలుగు సార్లు బిగించినా జారుతుంటే ఆ బరువు ఆ ఫోకసర్ మోసేది కాదు. బరువు లెక్క వేయండి: డీఎస్‌ఎల్‌ఆర్ సుమారు 700 గ్రాములు, కోమా కరెక్టర్ మరో 300 నుంచి 400. టెలిస్కోప్‌తో ఉచితంగా వచ్చే క్రేఫర్డ్‌లకు ఇదే భారం.

పరీక్ష ఎటు తిప్పి చేయాలన్నది కూడా చూసుకోండి. రిఫ్రాక్టర్‌లో నడినెత్తికి గురిపెట్టినప్పుడు కెమెరా నేరుగా కిందికి వేలాడుతుంది, అదే కఠినమైన స్థితి. న్యూటోనియన్‌లో ఫోకసర్ పక్కన ఉంటుంది కనుక మౌంట్ తిరిగేకొద్దీ కెమెరా ఒకసారి పైన, ఒకసారి పక్కకు, ఒకసారి కింద ఉంటుంది. మూడింటిలోనూ పరీక్షించాలి.

లాక్ స్క్రూ బిగించగానే నక్షత్రం పక్కకు జరిగి, ఫోకస్ కూడా పోతోంది.

లాక్ స్క్రూ కొన డ్రాట్యూబ్‌ను ఒక పక్కనుంచి తోస్తుంది కాబట్టి కొద్దిగా కదలడం సహజం. ముందే టెన్షన్ సరిచేసుకుంటే లాక్‌ను వేలితో తాకించినంత బిగిస్తే సరిపోతుంది. అలవాటు ఇలా చేసుకోండి: లాక్‌ను సగం బిగించి, ఆ స్వల్ప ఒత్తిడిలోనే ఫోకస్ చేసి, మిగతాది బిగించాక మళ్లీ ఒక ఫొటో తీసి చూడండి. బిగించాక చూడకపోతే చేసిన ఫోకస్‌కు విలువ లేదు.

ర్యాక్ అండ్ పీనియన్ ఫోకసర్. నాబ్ వెనక్కి తిప్పితే కాసేపు ఏమీ కదలదు, తర్వాత ఒక్కసారిగా కదులుతుంది.

అది పళ్ల మధ్య ఆట. పీనియన్ చక్రం పళ్లకూ డ్రాట్యూబ్ మీది పళ్ల పట్టీకీ మధ్య ఖాళీ ఉంటే, దిశ మార్చినప్పుడల్లా ఆ ఖాళీ నిండేదాకా నాబ్ ఉత్తుత్తినే తిరుగుతుంది.

పూర్తిగా పోగొట్టే ప్రయత్నం వద్దు. పీనియన్‌ను పట్టి ఉంచే మూతకు సాధారణంగా నాలుగు స్క్రూలు ఉంటాయి. వాటిని ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. నాబ్ తిరుగుతుంటే పళ్లు ఒక్కొక్కటీ చేతికి గరగరా తగిలితే ఎక్కువైనట్టు, కాస్త వదులు చేయండి. మిగిలిన ఆటను అలవాటుతో దాటవచ్చు: ఎప్పుడూ ఒకే దిశ నుంచి ఫోకస్‌కు రండి. కెమెరాను గురుత్వానికి ఎదురుగా పైకి లేపే దిశ మంచిది, ఎందుకంటే అప్పుడు బరువే పళ్లను ఒకవైపు నొక్కి ఉంచుతుంది. ఫోకస్ దాటిపోతే వెనక్కి కొద్దిగా కాదు, బాగా వచ్చి మళ్లీ అదే దిశలో చేరండి.

నాబ్ తిప్పకపోయినా డ్రాట్యూబ్ వేలితో నెడితే ఊగితే, అది పళ్ల సమస్య కాదు. గొట్టానికీ ఫోకసర్ ఒంటికీ మధ్య ఉండే నైలాన్ పట్టీలు అరిగాయి. కొన్ని ఫోకసర్ల పైభాగంలో ఆ పట్టీలను నొక్కే చిన్న స్క్రూలు ఉంటాయి, వాటిని సమానంగా తిప్పాలి. లేకపోతే పలుచని టెఫ్లాన్ టేపు ముక్కలను గొట్టం పొడవునా అతికించినా చాలావరకు కుదురుతుంది.

చలి రాత్రుల్లో నాబ్ బిగుసుకుపోతోంది.

పాత గ్రీజు గట్టిపడింది. డ్రాట్యూబ్ తీసి, పళ్లలోని జిగురును ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, తెల్ల లిథియం గ్రీజును బియ్యపు గింజంత పళ్లకు పూయండి. ఇది పళ్ల రకానికే. క్రేఫర్డ్ బిగుసుకుంటే టెన్షన్ తగ్గించి చూడండి, గ్రీజు జోలికి పోవద్దు.

చిన్న నాబ్ తిరుగుతోంది కానీ డ్రాట్యూబ్ కదలట్లేదు.

ఈ పది వంతుల నాబ్‌లో (పది చుట్లు తిప్పితే పెద్ద నాబ్ ఒక చుట్టంత కదిపేది) లోపల చిన్న బంతుల రాపిడితో వేగం తగ్గుతుంది. బరువు ఎక్కువైనా, లాక్ బిగించి ఉన్నా ఆ బంతులు జారతాయి. ముందు లాక్ వదిలారా చూడండి. తర్వాత పెద్ద నాబ్‌తో కదులుతుందా చూడండి. పెద్దదానితో తేలిగ్గా కదిలి చిన్నదానితో కదలకపోతే, చిన్న నాబ్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే స్క్రూ వదులై ఉంటుంది. పెద్దదానితోనూ బరువుగా ఉంటే టెన్షన్ ఎక్కువైంది.

ఫోకస్ ఎంత ఖచ్చితంగా ఉండాలి?

కొత్తవారు అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యాన్ని (0.55 మైక్రాన్లు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) 4.88తోనూ, ఎఫ్ సంఖ్య వర్గంతోనూ గుణిస్తే ఫోకస్ అంగీకరించే మొత్తం వెడల్పు వస్తుంది. ఎఫ్/4కు సుమారు 43 మైక్రాన్లు, ఎఫ్/5కు 67, ఎఫ్/7కు 131, ఎఫ్/10కు 268. మామూలు కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు.

ఇప్పుడు నాబ్ వైపు చూడండి. పెద్ద నాబ్ ఒక చుట్టుకు డ్రాట్యూబ్ 20 మి.మీ. కదిలితే, చిన్న నాబ్ చుట్టుకు 2 మి.మీ. ఎఫ్/5లో ఆ 67 మైక్రాన్లు చిన్న నాబ్ మీద 12 డిగ్రీలు. పెద్ద నాబ్ మీద ఒక డిగ్రీ చిల్లర. పెద్ద నాబ్‌తో చేయి ఎంత తేలిగ్గా ఉన్నా ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది.

మరి ఆ బిందువును పట్టుకోవడం ఎలా?

బాటినోవ్ మాస్క్ వాడండి. రష్యాకు చెందిన పావెల్ బాటినోవ్ 2005లో రూపొందించిన ఈ సన్నని చీలికలున్న మూతను టెలిస్కోప్ ముందు పెడితే ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ మూడు గీతలు వస్తాయి. రెండు గుణకారం గుర్తులా అడ్డంగా కోసుకుంటాయి, మూడోది మధ్యలో నడుస్తుంది. అది సరిగ్గా మధ్యకు వస్తే ఫోకస్ కుదిరినట్టు.

ఒకటో రెండో ప్రకాశ తరగతి నక్షత్రాన్ని ఎంచుకోండి. లైవ్ వ్యూను 10 రెట్లు పెద్దది చేసి నక్షత్రం బిందువయ్యేదాకా ముందు సుమారుగా సరిచేయండి. నక్షత్రం గారెలా, మధ్యలో చిల్లుతో కనిపిస్తే మీరు ఇంకా చాలా దూరంలో ఉన్నారు. ఆ గారె చిన్నదయ్యే దిశలో తిప్పండి. తర్వాత మాస్క్ పెట్టి 3 నుంచి 5 సెకన్ల ఫొటోలు తీస్తూ చిన్న నాబ్‌తో సరిచేయండి. నాబ్ వదిలాక ఊగులాట తగ్గడానికి ఐదు సెకన్లు ఆగాలి. ఇక మాస్క్ తీయడం మరిచిపోకండి. గంటన్నర ఫొటోల్లో ప్రతి నక్షత్రానికీ ఆరు ముళ్లు మొలిచాక గుర్తొస్తే చేసేదేమీ ఉండదు.

పగలే దూరపు సెల్ టవర్ మీద ఫోకస్ చేసి పెట్టుకోవచ్చా అని అడుగుతారు. సుమారు చోటు కోసం పనికొస్తుంది. కానీ 750 మి.మీ. టెలిస్కోప్‌తో ఒక కిలోమీటరు దూరంలోని వస్తువుకూ నక్షత్రానికీ ఫోకస్ తేడా అర మిల్లీమీటరు పైనే. రాత్రి మళ్లీ సరిచేయాల్సిందే. కుదిరిన చోట డ్రాట్యూబ్ మీద పెన్సిల్ గీత పెట్టుకుంటే మరుసటి రాత్రి పది నిమిషాలు మిగులుతాయి.

సాయంత్రం బాగున్న ఫోకస్ అర్ధరాత్రికి చెడిపోతోంది. జారిందేమో?

జారిందో లేదో పెన్సిల్ గీతే చెబుతుంది. గీత కదలకుండా ఫోకస్ పోతే కారణం చలి. అల్యూమినియం ఒక డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు 23 మైక్రాన్లు కుదించుకుంటుంది. 600 మి.మీ. ట్యూబ్ 5 డిగ్రీలు చల్లబడితే దాదాపు 70 మైక్రాన్లు. ఎఫ్/6లో ఫోకస్ అంగీకరించేది బిందువుకు అటు 48, ఇటు 48 మాత్రమే. లెన్స్ గాజులో వచ్చే మార్పు దీనికి అదనం.

టెలిస్కోప్‌ను చిత్రీకరణకు ఒక గంట ముందే బయట పెట్టండి. తర్వాత ప్రతి 2 డిగ్రీల తగ్గుదలకూ, లేదా గంటకోసారీ, ఫిల్టర్ మార్చినప్పుడల్లా ఫోకస్ చూసుకోండి.

ష్మిట్-కాసెగ్రెయిన్‌లో (ముందు పలుచని లెన్స్, వెనక అద్దం ఉన్న పొట్టి టెలిస్కోప్) నాబ్ తిప్పగానే గ్రహం తెర మీద నుంచే పారిపోతోంది.

ఇందులో నాబ్ కదిపేది కెమెరాను కాదు, ప్రధాన అద్దాన్ని. అద్దం మధ్య గొట్టం మీద జారేటప్పుడు కొద్దిగా ఒరుగుతుంది. చివరి తిప్పుడు ఎప్పుడూ అద్దాన్ని పైకి తోసే దిశలోనే ఉండాలి. చాలా మోడళ్లలో అది అపసవ్య దిశ. నెలకోసారి నాబ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుమూడు సార్లు తిప్పితే లోపలి గ్రీజు సమంగా పరుచుకుంటుంది. మెరిడియన్ (ఆకాశాన్ని తూర్పు, పడమరలుగా విడదీసే ఉత్తర-దక్షిణ రేఖ) దాటాక అద్దం రెండోవైపు ఒరుగుతుంది కనుక అక్కడ మళ్లీ ఫోకస్ తప్పదు. అద్దాన్ని ఆపే లాక్‌లున్న మోడలైతే ముందు సుమారుగా ఫోకస్ చేసి, లాక్ వేసి, వెనక బిగించిన వేరే క్రేఫర్డ్‌తో చివరి సర్దుబాటు చేయడం అన్నిటికంటే నికరమైన పద్ధతి.

మధ్యలో నక్షత్రాలు గుండ్రంగా, మూలల్లో సాగినట్టు ఉన్నాయి. ఫోకసర్ తప్పేనా?

నాలుగు మూలలూ ఒకేలా చెడితే ఫోకసర్‌ను అనుమానించకండి. కరెక్టర్ నుంచి సెన్సర్‌కు దూరం తప్పింది. చాలా ఫ్లాట్‌నర్లు (రిఫ్రాక్టర్లకు వాడే కరెక్టర్లు) 55 మి.మీ. అడుగుతాయి. మధ్యలో ఫిల్టర్ ఉంటే దాని గాజు మందంలో మూడో వంతు కలపాలి, 2 మి.మీ. ఫిల్టర్‌కు 55.7. నక్షత్రాలు మధ్య నుంచి బయటికి గీతల్లా సాగితే సాధారణంగా సెన్సర్ మరీ దగ్గరగా ఉన్నట్టు, మధ్య చుట్టూ తిరుగుతున్నట్టు సాగితే మరీ దూరంగా ఉన్నట్టు.

ఒక పక్క మాత్రమే చెడితే ఎక్కడో ఒరిగింది. కెమెరాను మాత్రం 180 డిగ్రీలు తిప్పి మళ్లీ ఫొటో తీయండి. చెడు మూల ఫొటోలో అదే చోట ఉంటే తప్పు కెమెరా వైపుది. ఎదుటి మూలకు మారితే ఫోకసర్‌దో టెలిస్కోప్‌దో. ఫోకసర్ వైపు అనుమానం వస్తే మొదట చూడవలసింది ఒకే స్క్రూతో పట్టే ఐపీస్ హోల్డర్. ఒక పక్కనుంచి తోసే ఆ స్క్రూ కెమెరాను వంకరగా నిలబెడుతుంది. మరతో బిగించే అడాప్టర్‌కు మారడం ఈ జాబితాలో అతి చవకైన, అతి ఫలవంతమైన మార్పు.

మోటర్ ఫోకసర్ పెట్టాను. ఆటోఫోకస్ గీత వంకరటింకరగా వస్తోంది.

ఫోకసర్ స్థానం మారేకొద్దీ నక్షత్రం పరిమాణం ఎలా మారుతుందో చూపే ఈ గీత ఇంగ్లీషు అక్షరం ‘వి’ (V) ఆకారంలో రావాలి. అది చెడడానికి తరచుగా కనిపించే కారణం యాంత్రికమే: మోటరును షాఫ్టుకు కలిపే కప్లర్‌లోని చిన్న స్క్రూ వదులు కావడం. ముందు అది బిగించండి. షాఫ్టులో చదును చేసిన భాగం ఉంటే స్క్రూ సరిగ్గా దాని మీదే కూర్చోవాలి. డ్రాట్యూబ్ లాక్ వదిలి ఉండాలి, లేకపోతే మోటర్ అడుగులు (స్టెప్‌లు) తప్పుతుంది.

తర్వాత అడుగు పరిమాణం. మోటర్ చుట్టుకు 5760 అడుగులు, డ్రాట్యూబ్ చుట్టుకు 20 మి.మీ. అయితే ఒక అడుగు దాదాపు 3.5 మైక్రాన్లు. ఎఫ్/5లో అంగీకార వెడల్పు 19 అడుగులే. నీనా వంటి సాఫ్ట్‌వేర్‌లో బిందువుకు అటు నాలుగు, ఇటు నాలుగు కొలతలు తీసేటట్టయితే, ఒక్కో కొలతకు 25 అడుగులతో మొదలుపెట్టండి. గీత చివర్లలో నక్షత్రం పరిమాణం, అంటే హెచ్‌ఎఫ్‌ఆర్, అడుగున ఉన్నదానికి సుమారు మూడు రెట్లు రావాలి. గీత పడవ అడుగులా చదునుగా ఉంటే పరిమాణం పెంచండి. చివర్లలో నక్షత్రాలే గుర్తుపట్టలేకపోతే తగ్గించండి.

గీత ఒక పక్క మాత్రమే చదునుగా మొదలైతే ఆట సర్దుబాటు తక్కువైంది. ఓవర్‌షూట్ పద్ధతి (గురి దాటి వెళ్లి వెనక్కి వచ్చేది) ఎంచుకుని అసలు ఆట కంటే కాస్త ఎక్కువే ఇవ్వండి, ఆ పద్ధతిలో ఎక్కువ ఇస్తే నష్టం లేదు. డ్రాట్యూబ్ పూర్తిగా లోపలున్న చోటును సున్నాగా, బయటి చివరికి కొంచెం ముందే గరిష్ఠ హద్దుగా నమోదు చేయండి. హద్దు లేకపోతే మోటర్ డ్రాట్యూబ్‌ను చివరిదాకా తోసి, ఇంకా తోస్తూనే ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా కుదరకపోతే కొత్త ఫోకసర్ కొనాలా?

బరువుకు జారే క్రేఫర్డ్ అయితే, లేదా పట్టీలో గాడి పడితే, కొనాలి. కొనేముందు మూడు కొలతలు తీసుకోండి: ట్యూబ్ బయటి వ్యాసం, ట్యూబ్‌కు ఉన్న స్క్రూ రంధ్రాల మధ్య దూరం, పాత ఫోకసర్ పూర్తిగా మూసినప్పటి ఎత్తు. న్యూటోనియన్‌లో కొత్తదాని ఎత్తు పాతదానికంటే ఎక్కువైతే ఫోకస్ మళ్లీ అందకుండా పోతుంది. మోయగల బరువు ఎంతో చూసి, మీ కెమెరా సరంజామా మొత్తానికి రెండు రెట్లు ఉన్నదాన్ని తీసుకోండి.